ఎంగిలి నూనె

బర్రె కడుపులోంచి అప్పుడే తీసిన బోటిని లోపలి పేడతో సహా తెచ్చి ముందు పడేసినా రాన్ షిబీ ముఖం చిట్లించేది కాదు. చొక్కా చేతులు మోచేతుల పైకి లాక్కుని, వెదురు పీట మీద కూర్చుని, పొరకూ పొరకూ మధ్య వేలు పోనిచ్చి కడిగేది. మూడు నీళ్లు అయ్యాక నాలుగో నీళ్లు తాగేంత తేటగా ఉండాలి. లేకపోతే ఐదో నీళ్లు. బాతు పేగుల్ని నిలువునా చీల్చి, గీకి, ఉప్పు పట్టించి మళ్లీ కడిగేది. పంది మెదడు మీది నెత్తుటి పొరను సన్నటి పుల్లకు చుట్టి, ఎక్కడా చిట్లకుండా ఒలిచేది. పక్కన కూరగాయలు తరిగే ఆడవాళ్లు ముక్కు మూసుకుంటే నవ్వేది.

"పేడంటే ఏంటే? గడ్డేగా! కడిగితే పోయేదానికి అంత మొహం మాడ్చుకుంటారేం?" అనేది.

అలాంటి మనిషికి అరవై రెండో ఏట, చోంగ్‌చింగ్ ఊళ్లో పుట్టి పెరిగి చిన్నప్పటినుంచీ ప్రాణంలా తిన్న తిండి మీదే రోత పుట్టింది. అది ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు ఆమె ముక్కు సంగతి చెప్పాలి.

నదికి దక్షిణపు గట్టున ఉన్న నూలు మిల్లులో షిబీ ఇరవై ఆరేళ్లు పనిచేసింది. పత్తి బేళ్లు విప్పేచోట నిలబడి, ఏ బేలు దారిలో తడిసిందో, ఏ బేలులో ఎలుక చచ్చిందో కట్లు తెంచకముందే చెప్పేసేది. ఒకటి రెండుసార్లు ఎవరూ నమ్మలేదు. తెంచి చూశాక నమ్మారు. షిఫ్టు పెద్ద జుంగ్ సూరూ ఆమెకు 'కుక్కముక్కు' అని పేరు పెట్టింది. ఆ పేరు మిల్లు మూతపడిన తర్వాత కూడా ఆమెను వదల్లేదు.

మిల్లులో ఉన్నప్పుడే యెన్ గ్వాంగ్లాన్ ఆమె దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల. కొండల్లోని ఏదో పల్లె నుంచి తలనిండా పేలతో దిగింది. షిబీ ఆ పిల్లను స్నానాల గదిలోకి లాక్కెళ్లి, కిరసనాయిలు పట్టించి, ఈరుదువ్వెనతో దువ్వి, మూడు రోజుల్లో తల శుభ్రం చేసింది. తర్వాత తెగిన దారాన్ని రెండు వేళ్లతో ముడి వేయడం నేర్పింది. గ్వాంగ్లాన్ ఆమెను "గురువమ్మా" అని పిలిచేది. ఆ తర్వాత మిల్లు మూసేసి అందరినీ ఇళ్లకు పంపేసినా, గ్వాంగ్లాన్ ఊరూరా తిరిగి ఏవేవో అమ్ముకున్నా, ఆ పిలుపు మాత్రం మారలేదు. షిబీ భర్తకు ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో చేరినప్పుడు పదకొండు రోజులు పక్కనే ఉండి, కళ్లె పళ్లెం ఎత్తి, ఒళ్లు తుడిచి, చివరికి శవానికి బట్టలు తొడిగింది కూడా గ్వాంగ్లానే.

కాబట్టి గ్వాంగ్లాన్, బల్ల మధ్యలో మరిగే నూనె మూకుడులో ముక్కలు ముంచి ఉడికించుకు తినే హాట్‌పాట్ కొట్టు పెడుతున్నానని వచ్చి అడిగినప్పుడు షిబీ రెండో మాట మాట్లాడలేదు.

"బోటి కడగడానికి నాకు నమ్మకమైన చెయ్యి కావాలి గురువమ్మా. మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి మీద నాకు నమ్మకం కుదరదు," అంది గ్వాంగ్లాన్.

కొట్టు పెట్టింది ఒక సొరంగంలో. యుద్ధం రోజుల్లో బాంబుల నుంచి తలదాచుకోవడానికి జనం కొండను తొలిచి చేసుకున్న సొరంగం అది. గోడలు చెమర్చి ఉంటాయి. ఎండాకాలంలో బయట ఊరంతా పొయ్యి మీద పెనంలా ఉంటే లోపల చల్లగా ఉంటుంది. ఇరవై రెండు బల్లలు వరసగా వేశారు. వాటి చివర, రాతి తొట్టి దగ్గర షిబీ చోటు. ఆమె వెనక, సొరంగం ముగిసే దగ్గర, ఒక ఇనుప తలుపు.

మొదటి ఏడాది నూనె కాచడం సొరంగం మూతి దగ్గర, అందరి కళ్లముందూ జరిగేది. వంటవాడు లువో పెద్ద ఇనుప బాణలిలో ఆవు కొవ్వు కరిగించి, ఎండుమిరపకాయలు, నాలుకను తిమ్మిరెక్కించే మిరియాలు, పులియబెట్టిన చిక్కుడు గింజల కారపు ముద్ద, అల్లం వేసి పొద్దుటినుంచి సాయంత్రం దాకా తెడ్డుతో కలుపుతుంటే, మెట్ల దారిన పోయేవాళ్లు తుమ్ముతూ తిడుతూ పోయేవారు. రెండో ఏడాది చలికాలంలో బాణలి ఇనుప తలుపు వెనక్కి వెళ్లింది. పొగ గురించి ఇరుగుపొరుగు గొడవ చేస్తున్నారని గ్వాంగ్లాన్ చెప్పింది. నిజమే, గొడవ చేసేవారు. షిబీ ఇంకేమీ అడగలేదు.

అప్పటినుంచే కొట్టు పుంజుకుంది. రుచి పెరిగిందని అందరూ అన్నారు. మొదట్లో కారం ఒక వైపు, కొవ్వు ఒక వైపు విడివిడిగా తెలిసేవి. ఇప్పుడు అంతా కలిసిపోయి, మింగాక కూడా గొంతులో చాలాసేపు నిలిచే రుచి. జనం మెట్ల మీద ప్లాస్టిక్ పీటలు వేసుకుని, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, తమ వంతు కోసం గంటసేపు కూర్చునేవారు. మధ్యాహ్నం మూడింటికి పనివాళ్లందరూ కలిసి ఒక బల్ల దగ్గర తినేవారు. షిబీ కూడా ఆ మూకుడులోదే తినేది. రోజూ. ఐదేళ్లు.

ఆ జూన్‌లో ఒకరోజు మధ్యాహ్నం కుంభవృష్టి పడింది. కొండ మీది నీళ్లు గోడల్లోంచి ఊరి, కాలువ వెనక్కి తన్ని, సొరంగంలో చీలమండల లోతు నిలిచాయి. లువో మోటారు తేవడానికి పరిగెత్తాడు. కంగారులో తాళం తలుపుకే వదిలేశాడు. ఇనుప తలుపు కింద నుంచి ఎర్రటి జిడ్డు తెట్టుకట్టి షిబీ కాళ్ల దగ్గరికి వస్తోంది. తూము లోపల మూసుకుపోయిందని ఆమెకు అర్థమైంది. చీపురు పట్టుకుని లోపలికి వెళ్లింది.

లోపల మూడు నీలం పీపాలు ఉన్నాయి. మొదటి పీపా మీద ఇనుప జల్లెడ పెట్టి ఉంది. నిన్న బల్లల మీద నుంచి ఎత్తిన మూకుళ్లు అందులోకే వంచారు. జల్లెడలో మిగిలినదాన్ని ఇంకా పారబోయలేదు. పంటి గాట్లు పడిన ఎముకలు, నమిలి ఉమ్మేసిన నరాలు, పళ్లు కుట్టుకున్న పుల్లలు, మూతి తుడుచుకున్న కాగితాలు, ఒక సిగరెట్ ముక్క. వాటి మధ్య, ఎవరి వేలి నుంచో ఊడిన మందు పట్టీ. ఉబ్బి, మధ్యలో గోధుమరంగు మరకతో. రెండో పీపాలో నీరు కిందికి దిగి నూనె పైకి తేలింది. మూడో పీపా కింద కుళాయి ఉంది. ఆ కుళాయి ముందు ఇవాళ బల్లల మీదికి వెళ్లాల్సిన మూకుళ్లు, కడిగి తుడిచి తళతళలాడుతూ, వరసగా పెట్టి ఉన్నాయి.

షిబీ మొదట తూము శుభ్రం చేసింది. వచ్చిన పని అది కాబట్టి చేసింది. తూములో ఇరుక్కున్నది కూడా అదే సరుకు, చేత్తోనే లాగింది. తర్వాత గంట క్రితం తాను తిన్న భోజనం గుర్తొచ్చింది. గోడ పట్టుకుని, గొంతులో వేలు పెట్టుకుంది. ఏమీ రాలేదు. మళ్లీ పెట్టుకుంది. కళ్లల్లోంచి నీళ్లు వచ్చాయి తప్ప కడుపులోంచి ఏదీ రాలేదు. అంతా ఎప్పుడో ఒంట్లో కలిసిపోయింది. ఐదేళ్లది ఎక్కడినుంచని బయటికి వస్తుంది?

వాన తగ్గాక సొరంగం మూతి దగ్గర గ్వాంగ్లాన్‌ను పట్టుకుంది.

"ఎప్పటినుంచి?"

"దేని గురించి గురువమ్మా?"

"నా దగ్గర నాటకాలొద్దు. లోపలికి వెళ్లొచ్చాను. ఎప్పటినుంచి?"

గ్వాంగ్లాన్ తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంది. అబద్ధం చెబుదామని ఒక క్షణం అనుకుని, గురువమ్మ ముక్కు గుర్తొచ్చి మానుకున్నట్టు కనిపించింది. "రెండో ఏడు చలికాలం నుంచి," అంది. "పొద్దున ఐదింటి నుంచి పదకొండు దాకా కుతకుతా మరుగుతుంది అది. అంతసేపు మరిగాక ఏ క్రిమి బతుకుతుంది చెప్పండి?"

"క్రిముల సంగతి నేనడిగానా?"

"మరేంటి? పాత నూనె లేకపోతే ఈ రుచి రాదని ఈ ఊళ్లో తెలియంది ఎవరికి? మొదటి ఏడు చూశారుగా, ఈగలు తోలుకున్నాం. మీ నాన్న రేవులో మూటలు మోసి, మనిషికో గడి ఉండే తొమ్మిదిగళ్ల మూకుడు చుట్టూ కూర్చుని తిన్నాడని మీరే చెప్పేవారుగా. ముక్కూ మొహం తెలియని ఎనిమిది మందితో. అది ఎంగిలి కాదా?"

"మా నాన్న ఎదురుగా కూర్చున్నవాడి మొహం చూసి తిన్నాడే. వాడి దగ్గు విన్నాడు, వాడి చేతి మీద పుండు చూశాడు, సర్లే పర్లేదనుకుని తిన్నాడు. నువ్వు వీళ్లని అడిగావా? నన్ను అడిగావా?"

గ్వాంగ్లాన్ చాలా చిన్న గొంతుతో, "వెళ్లిపోతారా గురువమ్మా?" అంది.

షిబీ వెళ్లిపోలేదు. ఈ కథలో ఆమె ఎవరికీ చెప్పుకోలేని ముక్క అది. ఆ పదకొండు రోజులు అడ్డొచ్చాయి. కళ్లె పళ్లెం ఎత్తిన చేతులు అడ్డొచ్చాయి. ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే గోడలు మీద పడతాయన్న భయం కూడా అడ్డొచ్చింది. మర్నాడు మామూలుగానే వచ్చి రాతి తొట్టి ముందు కూర్చుంది.

కానీ ఒళ్లు ఆమె మాట వినడం మానేసింది. మూడింటి భోజనం మానేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న చల్లన్నం, ఊరగాయ ముల్లంగి మెట్ల మీద కూర్చుని తినేది. ఇంటికి పోయి జుట్టును వెనిగర్‌తో కడిగేది. ఆరాక మళ్లీ అదే వాసన. దిండుకు అదే వాసన. బస్సులో పక్కన కూర్చున్న కుర్రజంట ఎక్కడో హాట్‌పాట్ తిని ఎక్కితే, రెండు స్టాపుల ముందే దిగి నడిచిపోయేది. తొట్టి దగ్గర తలెత్తితే బల్లలు కనిపించేవి. ఇంతకుముందు అక్కడ జనం కనిపించేవారు. ఇప్పుడు నోళ్లు మాత్రమే కనిపించేవి. తినే పుల్లలు నోట్లో పెట్టుకుని చప్పరించి, అవే పుల్లలు మూకుడులో ముంచి, మళ్లీ చప్పరించే నోళ్లు. ఎర్రటి జిడ్డు పట్టిన పెదాలు. ముక్కు చీదిన కాగితాన్ని గిన్నె పక్కన పెట్టే చేతులు. అదంతా ఏ పీపాలోకి చేరుతుందో ఆమెకు తెలుసు. అయినా తను కడిగే బోటిని నాలుగు నీళ్ల కంటే ఒక్కటి కూడా తగ్గించలేదు. తాగేంత తేటగా చేసి, దాన్ని తీసుకెళ్లి దేంట్లో ముంచుతున్నారో అనుకున్నప్పుడల్లా తన పని మీద తనకే ఉమ్మెయ్యాలనిపించేది.

అలా నాలుగు నెలలు గడిచాయి. అక్టోబరులో జుంగ్ సూరూకు డెబ్బై నిండాయి. మిల్లులో ఆమె షిఫ్టులో పనిచేసిన ఆడవాళ్లు ఆరుగురు కలిసి, పుట్టినరోజు భోజనం గ్వాంగ్లాన్ కొట్లోనే అని నిర్ణయించారు. మన పిల్ల కొట్టు, మన షిబీ కడిగిన బోటి, ఇంకెక్కడికి పోతాం అన్నారు. షిబీని ముందుగా ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి ఏడుగురూ కలిసి దిగారు.

"ఒసేయ్ కుక్కముక్కూ! ఆ పేగులు అక్కడ పడేసి ఇటు రావే!"

సూరూ గొంతు సొరంగం ఆ చివరి దాకా మోగింది. మిల్లు యంత్రాల హోరులో ఇరవై ఏళ్లు అరిచిన గొంతులు వాళ్లవి. అందరికీ సగం చెవుడు, మామూలుగా మాట్లాడటం ఎవరికీ చేతకాదు. షిబీ చేతులు తుడుచుకుని వెళ్లింది. తప్పలేదు. సూరూ ఆమెను తన పక్కనే బల్లపీట మీదికి లాగి కూర్చోబెట్టింది.

మూకుడు వచ్చింది. గడ్డకట్టిన ఎర్రటి నూనె మెల్లగా కరిగి, గళ్ల మధ్య మిరపకాయలు తేలి, మొదటి బుడగ లేచింది. షిబీ ముక్కుకు ముందు మిరపకాయ తగిలింది. దాని కింద తిమ్మిరి మిరియం, దాని కింద అల్లం. వాటన్నిటి అడుగున, ఇంతకాలం ఆమె రుచి అనుకున్నది తగిలింది: పాచి నోరు తెరిచినప్పుడు వచ్చే వాసన, ఒక్కరిది కాదు, చాలామందిది. ఆమె పీట అంచు గట్టిగా పట్టుకుంది.

"ఏంటే, ఆ మొహం?" అంది తింగ్షూ. అందరిలోకీ లావుపాటి మనిషి, నోరు ఊరుకోనిది. "ఈ కొట్లోనే ఉంటూ ఈ కొట్టు తిండికి వికారమా? కొంపదీసి నెల తప్పావా?"

ఏడుగురూ పడీ పడీ నవ్వారు. పక్క బల్లల వాళ్లు కూడా తిరిగి చూసి నవ్వారు.

"ఊరుకోవే. మొదటి ముక్క దానిదే, కడిగింది అదేగా," అంటూ సూరూ బోటి ముక్కను పుల్లలతో పట్టుకుని, మరిగే నూనెలో ముంచి తీసి, ముంచి తీసి, అంచులు ముడుచుకోగానే షిబీ గిన్నెలో వేసింది. గిన్నెలోని వెల్లుల్లి, నువ్వుల నూనె మీద ఎరుపు మెల్లగా పాకింది.

షిబీ దానివైపు చూసింది. "తినకండి," అంది.

"ఆఁ?"

"తినొద్దంటున్నా!" ఈసారి మిల్లు గొంతుతో అంది. "ఇది నిన్న ఎవరో తిని వదిలేసిన నూనె. మొన్న ఇంకెవరో తిని వదిలేసింది. ఆ ఇనుప తలుపు వెనక పీపాలున్నాయి. నా కళ్లతో చూశాను. ఎముకలు, కాగితాలు, పుండుకు కట్టుకున్న పట్టీలు, అన్నీ అందులోవే."

తింగ్షూ నోట్లో బాతు పేగు సగం లోపల, సగం బయట ఉంది. ఆమె ఆగి, ఆలోచించి, మిగతాది కూడా లోపలికి లాక్కుని, నమిలి మింగింది.

"ఓస్, ఇంతేనా! నువ్వు అరిచిన అరుపుకి ఏ ఎలకో పడిందనుకున్నా," అంది.

"ఎంగిలి నూనె సంగతి ఇప్పుడా తెలిసింది నీకు?" అంది సూరూ, చిన్నపిల్లకు చెప్పినట్టు. "పాత కొట్లన్నీ అంతేనే పిచ్చిదానా. అందుకే పాత కొట్లకి పోతాం. కరువు రోజుల్లో నేను చెట్టు బెరడు తిన్నాను, తెల్లమట్టి తిన్నాను. సలసలా కాగిన నూనెకి భయపడమంటావా?"

"భయం కాదక్కా. రోత."

"రోతా? పొద్దున లేస్తే బర్రె పేడలో చేతులు పెట్టేదానికి రోతా?" తింగ్షూ అంది. మళ్లీ నవ్వులు. ఒకామె పంది మెదడును జాగ్రత్తగా గరిటెలో పెట్టి మూకుడులోకి దించింది. ఇంకొకామె బంగాళదుంప ముక్కలు వేసింది. ఏడుగురి చేతులు ఏడు గళ్లలోకి వెళ్లాయి.

షిబీ ఆ ముఖాల వైపు చూసింది. నలభై ఏళ్ల స్నేహం. ఒకరి పెళ్లికి ఒకరు దుప్పట్లు కుట్టిన వాళ్లు, ఒకరి బిడ్డకు ఒకరు పాలిచ్చిన వాళ్లు. ఆ క్షణంలో ఆమెకు కనిపించినవి జిడ్డు పట్టిన పెదాలు, పంటి సందుల్లో మిరప తొక్కలు, ఊపిరి కూడా తీసుకోకుండా మింగే గొంతులు. నాలుగు నెలలుగా పీపాల మీద, గ్వాంగ్లాన్ మీద, తన మీద ఉన్న రోత ఇప్పుడు ఈ ఏడుగురి మీదికి కూడా పాకింది. అది పాకినందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

అప్పుడే గ్వాంగ్లాన్ పీచ్ పండ్ల ఆకారంలో చేసిన పుట్టినరోజు రొట్టెల పళ్లెం, పుల్లరేగు షర్బత్ తీసుకుని వచ్చింది. "సూరూ అక్కా! నూరేళ్లు బతకాలి నువ్వు! మా అందరినీ సాగనంపి మరీ పోవాలి!"

"కూర్చో గ్వాంగ్లాన్," అంది షిబీ.

"అయ్యో, లోపల బోలెడు పనుంది గురువమ్మా..."

"కూర్చో. వీళ్లకి నేను చెప్పేశాను. పీపాల సంగతి. వీళ్లకేం అభ్యంతరం లేదట. చూడు, తింటూనే ఉన్నారు. ఇంకేంటి నీకు? నువ్వూ ఒక ముక్క తిను."

గ్వాంగ్లాన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తింగ్షూకు అదేమీ పట్టలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది. "అవునే, కూర్చో! పెద్దావిడ పుట్టినరోజు. ఓనరమ్మవి నువ్వు తినకపోతే ఎలా? ఏదీ, నోరు తెరు!"

ఈ ఐదేళ్లలో గ్వాంగ్లాన్ తన కొట్లో మూకుడులో పుల్లలు ముంచగా షిబీ చూడలేదు. కడుపులో పుండు ఉందని చెప్పి ఆకుకూర ఉడకబెట్టుకుని తినేది. కూతురు వస్తే పక్కవీధి నుంచి నూడుల్స్ తెప్పించి పెట్టేది. అప్పట్లో అది చూసి షిబీ, పాపం అల్సరు, అనుకుంది.

సూరూ కూడా పుల్లలు పట్టుకుని చూస్తోంది. గ్వాంగ్లాన్ తప్పించుకోలేకపోయింది. తింగ్షూ పుల్లల నుంచి బోటి ముక్క అందుకుంది. ఎర్రటి నూనె దాని చివర నుంచి చుక్కలు చుక్కలుగా బల్ల మీద పడింది. ఆమె కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకుంది. నాలుగైదు సార్లు నమిలింది. మింగింది. కళ్లు తెరిచి నవ్వింది.

"బాగుంది," అంది.

తర్వాత లేచి, నడుం నిటారుగా పెట్టి, బల్లల మధ్యనుంచి తొందరపడకుండా నడిచి, ఇనుప తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. సొరంగంలో ఏ చప్పుడూ దాగదు. కక్కుకోవడం అందరికీ వినబడింది. ఒకసారి, ఆగి మరోసారి, ఇంకా ఏమీ మిగలకపోయినా పేగులు మెలిపెట్టుకుని వచ్చే ఆ పొడి చప్పుడు చాలాసేపు వచ్చింది.

సూరూ పుల్లలు బల్ల మీద పెట్టేసింది. చెయ్యి చాపి పొయ్యి ఆర్పేసింది. "బోటి గట్టిపడుతుందే, తీసేసుకోండి," అంటూ తింగ్షూ ఇంకో రెండు ముక్కలు తింది. మూడోది నోటిదాకా తీసుకెళ్లి, దానివైపు చూసి, మెల్లగా గిన్నెలో పడేసింది. పుట్టినరోజు రొట్టెలు ఎవరూ ముట్టుకోలేదు.

షిబీ తొట్టి దగ్గరికి వెళ్లి మిగిలిన పేగులు కడగడం పూర్తిచేసింది. ముందుగుడ్డ విప్పి మేకుకు తగిలించింది. మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆమె వెంట ఎవరూ రాలేదు.

రెండు నెలలు కొట్టు మామూలుగానే నడిచింది. మెట్ల మీద పీటలు తగ్గలేదు. చలికాలం మొదట్లో ఒక పొద్దున అధికారులు వచ్చి ఇనుప తలుపు తెరిపించారు. పీపాలు లారీ ఎక్కించారు. సాయంత్రానికి టీవీలో సొరంగం మూతి, మూసేశామంటూ దాని మీద అంటించిన తెల్లకాగితం చూపించారు. కోర్టు గ్వాంగ్లాన్‌కు ఏడాదిన్నర శిక్ష వేసింది, లువోకు అంతకన్నా తక్కువ. ఎవరు చెప్పి ఉంటారన్నది బయటికి రాలేదు.

మిల్లు ఆడవాళ్లకు మాత్రం అనుమానమే లేదు. షిబీ సందు చివర మాజాంగ్ ఆడే చోటికి వెళితే బల్ల నిండిపోయిందనేవారు. మార్కెట్లో ఎదురైతే ఉల్లికాడలు ఏరుకోవడంలో మునిగిపోయేవారు. సొంత శిష్యురాలిని పట్టించిందట, కళ్లె పళ్లెం ఎత్తిన పిల్లను జైలుకు పంపిందట. నూనె విషయంలో కలగని రోత వాళ్లకు ఈ విషయంలో కలిగింది.

చివరికి ఒకరోజు సూరూ వచ్చింది. ఐదో అంతస్తుకు మెట్లెక్కి, గుమ్మంలో నిలబడి ఆయాసపడుతూ, కూర్చోకుండానే అడిగింది.

"నువ్వేనా?"

"కాదు."

"ఒట్టు?"

"ఒట్టక్కా. నాకంత ధైర్యమేది? నాలుగు నెలలు ఆ పీపాల పక్కనే కూర్చుని బోటి కడిగినదాన్ని. చెప్పినవాళ్లెవరో గానీ నాకన్నా నయం."

సూరూ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని కూలబడింది. "నేనూ ఆ రోజు నుంచి హాట్‌పాట్ ముట్టలేదే," అంది. "అరవై ఏళ్లుగా తింటున్నా. మట్టి తిన్నప్పుడు రాని వాంతి, ఆ పిల్ల కక్కుకున్నది గుర్తొస్తే వస్తోంది. నువ్వు చెప్పినప్పుడు రాలేదు చూడు."

"ఆదివారం రండి," అంది షిబీ, తను అనబోతున్నది తనకే తెలియకుండా. "నేను చేసి పెడతాను. నూనె మీ కళ్లముందే కాస్తా."

ఆదివారం ముగ్గురు వచ్చారు: సూరూ, తింగ్షూ, ఎప్పుడూ ఎక్కువ మాట్లాడని ఇంకొకామె. షిబీ తెల్లవారుజాము నుంచి ఆవు కొవ్వు కరిగించి, ఏరిన మిరపకాయలు ఉడికించి నూరి, చెయ్యి నొప్పి పుట్టేదాకా తెడ్డు తిప్పింది. బోటిని ఐదు నీళ్లలో కడిగింది. మూకుడు మరిగింది. షిబీ వంగి వాసన చూసింది: మిరపకాయ, మిరియం, అల్లం, కొవ్వు. అడుగున ఏమీ లేదు. శుభ్రంగా ఉంది.

"బాగుంది," అంది సూరూ.

"శుభ్రంగా ఉంది," అంది రెండో ఆమె.

తింగ్షూ కాస్త ఉప్పు వేసింది. కాసేపటికి చిటికెడు పంచదార వేసింది. ఇంకా కాసేపటికి గుప్పెడు మిరియాలు వేసి కలిపింది. చివరికి పుల్లలు నాకుతూ, "తిట్టకేం షిబీ. ఏదో తక్కువైందే," అంది.

షిబీ అప్పటిదాకా వడ్డిస్తూనే ఉంది. అప్పుడొక ముక్క నోట్లో పెట్టుకుంది. ముక్కుకు ఏ తప్పూ దొరకలేదు. కానీ నాలుక ఊరుకోలేదు. మింగేముందు అడుగున ఉండాల్సిన ఆ చిక్కదనం కోసం, ఐదేళ్లు అలవాటు పడ్డ దానికోసం, నోరంతా తడుముకుంది. అది ఏం వెతుకుతోందో ఆమెకు బాగా తెలుసు. జల్లెడ కళ్లముందు కనిపిస్తూనే ఉంది. అయినా నాలుక అదే అడిగింది. షిబీకి ఆ నాలుకను పీకి తొట్టిలో వేసి నాలుగు నీళ్లలో కడగాలనిపించింది. ముక్కను ఉమ్మెయ్యలేదు. నమిలి మింగింది.

"తక్కువే," అంది. "నాకూ తెలుస్తోంది."

ముగ్గురూ ఆమె వైపు చూసి, మళ్లీ మూకుడులో పుల్లలు ముంచారు. తినడం అయ్యాక షిబీ మూకుడులో మిగిలిన నూనెను మొత్తం బకెట్‌లోకి వంచి, రెండు గుప్పిళ్ల సబ్బుపొడి పోసి కర్రతో కలిపింది. కింద చెత్తకుండీల దగ్గర పాడునూనె పోగుచేసుకుపోయేవాళ్లు తిరుగుతుంటారు. సబ్బు కలిస్తే వాళ్లు ముట్టుకోరు. అంత మంచి నూనె బూడిదరంగు నురగగా మారుతుంటే తింగ్షూ గుండె పట్టుకుంది.

"అయ్యయ్యో, ఒక్కపూటది! ఎంత పాపమే!"

"వచ్చే ఆదివారం మళ్లీ కాస్తా," అంది షిబీ. "ఆ పై ఆదివారం కూడా. నాలుకకి ఇదే రుచి అనిపించేదాకా తిందాం."

తింగ్షూ మూతి తిప్పింది. సూరూ బకెట్‌లోకి ఒకసారి తొంగిచూసి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ అంది:

"వస్తాంలే. అల్లం కాస్త తగ్గించు. మరీ మందులా ఉంది."